సీసపు గుండు, పిస్టల్ గురి

బళ్ళారి దగ్గరి మన కూరెకుప్ప నుంచి ఉత్తరంగా పోయి తుంగభద్ర దాటితే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను పట్టుకున్న కథ మీకు తెలిసిందే. ఏనుగుల గురించి, గుర్రాల గురించి, లెక్కకందని కాల్బలం గురించి మనవాళ్ళు మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆ సందడిలో ఒక చిన్న సంగతి ఎవరి నోటా రాదు. ఫెర్నావ్ నూనిజ్ అని ఒక పోర్చుగీసు గుర్రాల వర్తకుడు విజయనగరంలో ఉండి రాసిపెట్టిన వృత్తాంతంలో అది ఉంది. రాయల మనుషులు కోటగోడ రాళ్ళు పెకలిస్తుంటే, పైనున్నవాళ్ళు బాణాలు, రాళ్ళు కురిపిస్తున్నారు. అప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగెరెదు అనే పోర్చుగీసు దొర ఇరవై మంది తుపాకీవాళ్ళతో వచ్చి, గోడ మీద తల బయటపెట్టినవాణ్ణల్లా కింద నుంచి కొట్టించాడు. పైవాళ్ళు తలలు దాచుకున్నారు, కిందవాళ్ళ పని సాగింది. ఆఖరికి కోట అధికారి తానే వంగి చూడబోయి, నుదుటి మధ్య గుండు తగిలి కూలాడట. నూనిజ్ తన దేశంవాళ్ళను పిడికెడు ఎక్కువే పొగిడి ఉంటాడు, అది వేరే మాట.

ఆ నుదుటికి తగిలింది సీసం కరిగించి, అచ్చులో పోసి తీసిన గుండు. ఐదు వందల ఏళ్ళు గడిచాయి. తుపాకి రూపం మారింది, మందు మారింది, కొలతలు మారాయి. ఇవాళ ఒలింపిక్స్‌లో పిస్టల్ పోటీ జరిగినా బారెల్ లోంచి బయటికొచ్చేది సీసమే. ఆ సీసం అనుకున్నచోటికి పోవాలంటే ఏం కావాలి, పోనప్పుడు తప్పు ఎవరిది, సీసానిదా, చేతిదా? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం. బళ్ళారి చుట్టుపక్కల పోత అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. పక్కన తోరణగల్లులో ఉక్కు కరిగే వేడి పదిహేను వందల డిగ్రీల పైమాట. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, వంటింటి పొయ్యికి కూడా అందే వేడి అది. అంత తేలిగ్గా లొంగే లోహం కాబట్టే మనిషి ఇన్ని శతాబ్దాలు దాన్ని వదల్లేదు.

ముందుగా ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. 2019లో చట్టాన్ని సవరించాక, లైసెన్సు లేని తయారీకి ఏడేళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. అందువల్ల నేను చెప్పేది ఇంటికెళ్ళి చేసిచూడమని కాదు. అమెరికాలో, యూరప్‌లో కొన్ని దేశాల్లో ఇది చట్టం ఒప్పుకున్న కాలక్షేపం. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళలోనూ వారాంతానికి షూటింగ్ రేంజికి పోయేవాళ్ళున్నారు. ఆ కాలక్షేపంలో దాగిన శాస్త్రం మాత్రం మన పిల్లలు ఆడే పోటీలకు అక్షరాలా పనికొస్తుంది.

మన పిల్లలు అన్నాను కదా. హైదరాబాదు అమ్మాయి, పిస్టల్ షూటర్ ఈషా సింగ్ పేరు మీరు వినే ఉంటారు. 2005 జనవరి 1న పుట్టింది. తండ్రి సచిన్ సింగ్ కార్ల ర్యాలీలు నడిపిన మనిషి. పదమూడేళ్ళ వయసులో, 2018లో, మనూ భాకర్, హీనా సిద్ధూ లాంటి షూటర్లను దాటి జాతీయ చాంపియన్ అయింది. 2023 సెప్టెంబరు 27న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు బంగారు పతకం గెలిచినప్పుడు మనూ 590, ఈషా 586, రిథమ్ సాంగ్వాన్ 583 కొట్టారు, మొత్తం 1759. అదే రోజు వ్యక్తిగత విభాగంలో ఈషాకు రజతం. ఆ క్రీడల్లో ఆమె మెడలో పడినవి మొత్తం నాలుగు పతకాలు.

586 అంటే ఏమిటో విడమరిచి చూద్దాం. అరవై దెబ్బలు, ఒక్కోదానికి గరిష్ఠంగా పది పాయింట్లు. ఆరు వందలకు పద్నాలుగు మాత్రమే పోయాయి. మొదటి ముప్ఫై దెబ్బలు నిదానంగా, ఐదేసి దెబ్బలకు ఐదు నిమిషాల చొప్పున. తర్వాతి ముప్ఫై వేగంగా. లక్ష్యం మూడు సెకన్లే కనబడుతుంది, ఏడు సెకన్లు కనబడదు. ఆ మూడు సెకన్లలో దించిన చెయ్యి ఎత్తాలి, గురి చూడాలి, ఒక్క దెబ్బ కొట్టాలి. అంతా ఒంటిచేత్తోనే. రెండో చెయ్యి తగలకూడదు, మోచెయ్యి దేనికీ ఆనకూడదు.

నిదానపు దెబ్బల లక్ష్యంలో పది పాయింట్ల వృత్తం అడ్డకొలత 50 మిల్లీమీటర్లు. నిలబడిన దూరం 25 మీటర్లు. అంటే నడిమధ్య నుంచి 25 మిల్లీమీటర్లు తప్పితే పది అంచుకు చేరినట్టు. 25 మీటర్లకు 25 మిల్లీమీటర్లు, వెయ్యికి ఒకటి లెక్క. ఇదే లెక్కను పిస్టల్ మీదికి తెద్దాం. గురి చూసే వెనక సైటుకూ ముందు సైటుకూ నడుమ దూరం 220 మిల్లీమీటర్లు మించకూడదని నియమం. వెయ్యికి ఒకటి చొప్పున చూస్తే, ముందు సైటు వెనక సైటు గాడిలో మిల్లీమీటరులో ఐదో వంతు పక్కకు జరిగితే చాలు, గుండు పది అంచుకు పోతుంది. కంటికి ఆ తేడా కనబడీ కనబడనట్టు ఉంటుంది. ట్రిగర్ బరువేమో కనీసం ఒక కిలో ఉండాలి. ఆ కిలో బరువును వేలితో వెనక్కు లాగుతూ, ఐదో వంతు మిల్లీమీటరు కదలకుండా పిస్టల్‌ను నిలబెట్టాలి. ఈ విద్యలో కష్టమంతా అక్కడుంది.

మరి సీసం మాట? ఈషా లాంటివాళ్ళు 25 మీటర్ల పోటీలో వాడేది పాయింట్ టూ టూ తూటా. చిటికెన వేలికన్నా సన్నం. లోపలి సీసపు గుండు రెండున్నర గ్రాముల పైచిలుకు. దీన్ని ఎవరూ ఇంట్లో నింపుకోలేరు. నిప్పు పుట్టించే రసాయనం ఇత్తడి కేసు అడుగు అంచులోనే చుట్టూ పూసి ఉంటుంది. ఒకసారి సూది కొట్టిందా, అంచు నలిగిపోతుంది, కేసు పారేయడమే. కనుక పోటీల షూటర్లు మరో దారి పట్టారు. బర్మింగ్‌హామ్‌లో ఈలే కంపెనీ, జర్మనీలో షోనెబెక్ ఊళ్ళో లాపువా కంపెనీ పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. షూటర్ తన తుపాకి తీసుకెళ్తాడు. దాన్ని ఇనుప బిగింపులో కట్టి, ఒక్కో బ్యాచ్ నుంచి కొన్ని తూటాలు పేల్చి, కాగితం మీద ఏ బ్యాచ్ బెజ్జాలు దగ్గరదగ్గరగా పడ్డాయో చూస్తారు. అదే యంత్రం, అదే మందు, అదే పేరు. అయినా మంగళవారం చేసిన బ్యాచ్ ఒక బారెల్‌కు నచ్చుతుంది, గురువారం చేసింది నచ్చదు. నచ్చిన బ్యాచ్ దొరికితే ఏడాదికి సరిపడా కొనేస్తారు. ఇది రైఫిల్‌వాళ్ళకు ప్రాణం లాంటిది. పిస్టల్‌వాళ్ళకు అంత పట్టింపు ఉండదు. ఎందుకో కాసేపట్లో లెక్కవేసి చూపిస్తాను.

చేతితో నింపే విద్యకు చోటున్నది సెంటర్‌ఫైర్ పిస్టల్‌లో. ఇందులో నిప్పు పుట్టించే ప్రైమర్ కేసు అడుగున మధ్యలో విడిగా బిగించి ఉంటుంది. పేలాక దాన్ని తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు, ఇత్తడి కేసు మళ్ళీమళ్ళీ పనికొస్తుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ విభాగంలోనే. ఈ పోటీలో చాలామంది వాడేది ముక్కు లేని సీసపు గుండు. స్తంభాన్ని అడ్డంగా కోసినట్టు ముందువైపు చదునుగా ఉంటుంది. కోసుముక్కు గుండు కాగితాన్ని చింపుకుంటూ పోతుంది, చదును గుండు గుండ్రంగా కత్తిరించిపెడుతుంది. బెజ్జం గీతకు తగిలిందా లేదా అనే తగాదా ఉండదు.

ఇక పోత దగ్గరికి వద్దాం. స్వచ్ఛమైన సీసం మరీ మెత్తన, గోరు దిగుతుంది. అచ్చులో మూలమూలకూ పారాలంటే కొంచెం తగరం కలపాలి, గట్టిపడాలంటే ఆంటిమొనీ కలపాలి. అమెరికాలో గుళ్ళు పోసేవాళ్ళలో పెద్ద పేరున్న ఒక మిశ్రమంలో నూటికి 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ ఉంటాయి. ఇంకో ముడిసరుకు వాళ్ళకు అచ్చాఫీసుల నుంచి దొరికింది. లైనోటైపు యంత్రాల్లో వాడిన లోహంలో 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. అక్షరం అంచు పదునుగా రావడానికి పెట్టిన ఆంటిమొనీయే గుండు అంచునూ పదునుగా తెచ్చింది. కంప్యూటర్లు వచ్చి అచ్చాఫీసులు మూతబడినప్పుడు, టన్నులకొద్దీ అక్షరాలు అక్కడ ఇలా గుళ్ళయిపోయాయి. నిన్నటి పత్రికలో సంపాదకీయం ఇవాళ కాగితానికి బెజ్జం!

మరో వనరు టైర్ల కొట్టు. చక్రం వణక్కుండా రిమ్ముకు తగిలించే తూకాలు ఒకప్పుడు సీసంతో చేసేవాళ్ళు. సండూరు గనుల లారీలు తిరిగే రోడ్డు పక్కన అలాంటివి మీరూ చూసి ఉంటారు. ఇప్పుడు చాలాచోట్ల వాటికి బదులు ఇనుము, జింకు వచ్చాయి. జింకు సీసంలో కలిసిందంటే పోత మొత్తం పాడవుతుంది. చద్దిగంజిలా ముద్దకట్టి అచ్చులోకి పారదు. జింకు కరిగేది దాదాపు 420 డిగ్రీల దగ్గర. అందుకని తెలిసినవాడు కుండ వేడి దానికి బాగా కిందే ఉంచుతాడు. జింకు తూకాలు కరగకుండా పైకి తేలతాయి, గరిటెతో తీసి పారేస్తాడు.

అచ్చు అంటే ఇనుముదో అల్యూమినియందో, రెండు బద్దలు. బద్దలు మూస్తే లోపల గుండు ఆకారంలో గుంట. పైన ఒక పలక, పలకకు చిన్న రంధ్రం. అందులోంచి సీసం పోస్తారు. చల్లని అచ్చులో పోస్తే గుండు ఒళ్ళంతా ముడతలు పడుతుంది. మొదట తీసినవన్నీ తిరిగి కుండలోకే. వేడి కుదిరాక ముడతలు పోయి అంచులు నిలబడతాయి. వేడి మితిమీరితే ఒంటి మీద మంచు రాలినట్టు తెల్లటి పొర. మూతి మీద మిగిలిన సీసం గట్టిపడేదాకా ఆగి, పలకను పక్కకు తట్టి కోసెయ్యాలి. ఓపిక లేనివాడు ముందే తడతాడు. అప్పుడు గుండు అడుగు చిరుగుతుంది, లేదా చిన్న గుంట పడుతుంది. చూడ్డానికి ఏముందిలే అనిపించే తప్పు అది. గురిని చెడగొట్టేవాటిలో అంతకు మించింది లేదు.

ఈ సంగతి తేల్చినాయన ఫ్రాంక్లిన్ మాన్. అమెరికాలో వైద్యం చదివిన మనిషి, గుండు నడక మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి 1909లో పుస్తకం వేశాడు. కావాలనే కొన్ని గుళ్ళ ముక్కు చెక్కేశాడు, కొన్నింటి అడుగు చెక్కేశాడు. ముక్కు చెడిన గుళ్ళు పెద్దగా దారి తప్పలేదు. అడుగు చెడినవి ఎటు పడితే అటు పోయాయి. కారణం తేలికే. బారెల్ మూతి దాటేటప్పుడు గుండులో ఆఖరున బయటపడేది అడుగు. వెనక నుంచి తోస్తున్న వాయువు ఆ క్షణాన నలువైపులా సమంగా చిమ్మాలి. అడుగున ఒక పక్క నొక్కు ఉంటే వాయువు అటునుంచి ముందుగా తప్పించుకుని, గుండును పక్కకు ఒరగదోస్తుంది. మనిషి చూపు ఎప్పుడూ ముక్కు మీద ఉంటుంది, దుకాణంలో నిగనిగలాడేది ముక్కే. గుళ్ళు ఏరేవాడు మాత్రం మొదట తిరగేసి అడుగు చూస్తాడు.

తర్వాత తూకం. లోపల గాలిబుడగ చిక్కిన గుండు పైకి నున్నగానే ఉంటుంది, తూకంలో మాత్రం తేలిపోతుంది. పైగా బుడగ ఒక పక్కకుంటే తిరిగేటప్పుడు ఇరుసు తప్పి ఊగుతుంది. అందుకని సన్నని త్రాసు మీద ఒక్కోటీ పెట్టి, తేలికవాటిని పక్కన పడేసి కరిగిస్తారు. విసుగు పుట్టే పని. ఇష్టపడి చేసేవాళ్ళే చేస్తారు.

అంతే ముఖ్యం కొలత. రాయచూరులో వాడినవాటిలాంటి పాత తుపాకుల బారెల్ లోపల నున్నన. గుండు దానికన్నా సన్నం, లేకపోతే మూతి నుంచి లోపలికి దిగదు. ఆ సందులో గుండు అటూఇటూ గోడలకు కొట్టుకుంటూ పోయి, ఆఖరుసారి ఏ గోడకు తగిలిందో దాన్నిబట్టి దారి మళ్ళేది. బయటపడ్డాక ఎటో ఒకవైపు గిరగిరా తిరిగేది, ఆ తిరుగుడువల్ల గాలిలో వంకరపోయేది. ఇది 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు విప్పిచెప్పాడు. గోడ కింద నిలబడి పైనున్న తలను కొట్టగలిగారంటే దూరం తక్కువ కావడం వల్లనే. ఇప్పటి బారెల్ లోపల మెలితిరిగిన గాళ్ళు ఉంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ తిరుగుతూ పోవాలి, కాబట్టి సందు ఉండకూడదు. పోత గుండు, గాళ్ళ దగ్గర బారెల్ అడ్డకొలతకన్నా అంగుళంలో వెయ్యో వంతు లావుగా ఉండాలని అనుభవజ్ఞుల మాట. థర్టీ ఎయిట్ రివాల్వర్‌లో గాళ్ళ కొలత అంగుళంలో వెయ్యికి 357 వంతులైతే గుండు 358. నైన్ ఎంఎంలో 355కు 356. ఆ ఒక్క వంతు తగ్గిందా, సందులోంచి మండే వాయువు ముందుకు దూసుకొచ్చి గుండు పక్కలను కరిగించేస్తుంది. కరిగిన సీసం బారెల్ గోడకు అట్టగడుతుంది. పది దెబ్బల దాకా బాగానే పడి, ఆ తర్వాత చెదిరిపోతుంటే అనుమానించాల్సింది దీన్నే.

ఇక్కడ ఒక భ్రమ కూడా ఉంది. సీసం అట్టగడుతోందంటే గుండు మెత్తనైంది, ఇంకా గట్టి మిశ్రమం పోయాలి అనుకుంటారు. చాలాసార్లు ఇది తప్పు రోగానికి చేసిన చికిత్స. నిదానంగా పోయే పిస్టల్ గుండు కొంచెం మెత్తగానే ఉండాలి. వెనక ఒత్తిడికి అడుగు ఉబ్బి, గాళ్ళను తానే మూసుకుంటుంది. లైనోటైపు లోహం లాంటి గట్టి గుండు ఆ కొద్ది ఒత్తిడికి ఉబ్బదు, సందు అలాగే ఉండిపోతుంది. ఖరీదైన గట్టి గుండు కన్నా కొలత కుదిరిన మెత్తని గుండు మేలు. ఇక గుండు చుట్టూ ఉండే గాడిలో కందెన. సగం తేనెమైనం, సగం ఆలక్స్ అనే జిడ్డు పదార్థం కలిపినది అమెరికాలో దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఇన్నాళ్ళయినా తేనెమైనం వాడుకలోనే ఉందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

మందు సంగతి తక్కువే చెబుతాను. మందు పాళ్ళు రేడియోలో చెప్పే విషయం కాదు. అవి తయారీదారులు అచ్చువేసిన పట్టికల్లోనే చూడాలి. ఒకే కేసులో పొరపాటున రెండుసార్లు మందు పడితే పిస్టల్ చేతిలోనే పగులుతుంది. అయితే మందు హెచ్చుతగ్గులు గురిని ఎంత చెడగొడతాయో మాత్రం లెక్కవేయొచ్చు. సెకనుకు 250 మీటర్ల వేగంతో పోయే గుండు 25 మీటర్లు దాటడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. ఆ కాస్సేపట్లో భూమి దాన్ని 49 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. ఇంకో గుండు 235 మీటర్ల వేగంతో వచ్చిందనుకోండి, అది పడేది 55 మిల్లీమీటర్లు. తేడా ఆరేడు మిల్లీమీటర్లు. వేగంలో అంత పెద్ద తేడా ఉన్నా 50 మిల్లీమీటర్ల వృత్తంలో పెద్దగా ఏమీ కాలేదు. అదే 50 మీటర్ల దూరంలో తేడా నాలుగింతలవుతుంది. పిస్టల్ దూరాల్లో మందును మిల్లీగ్రాముల్లో తూచేవాడికన్నా గుండు అడుగు చూసేవాడే తెలివైనవాడని నా ఉద్దేశం.

ఇప్పుడు సీసానిదా, చేతిదా అన్న ప్రశ్న. ఒక షూటర్ చెయ్యి వల్ల బెజ్జాలు 60 మిల్లీమీటర్ల మేర చెదురుతాయనుకుందాం, తూటా వల్ల 20 మిల్లీమీటర్లు. రెండూ కలిస్తే 80 అవుతుందనుకుంటాం, కాదు. ఒకటి కుడికి తప్పినప్పుడు రెండోది ఎడమకూ తప్పొచ్చు. ఈ చెదురుళ్ళను వర్గాలు చేసి కూడాలి. అరవై వర్గం 3600, ఇరవై వర్గం 400, మొత్తం 4000, దాని వర్గమూలం 63. తూటా దోషమంతా మాయమైనా 63 కాస్తా 60 అవుతుంది, మూడు మిల్లీమీటర్ల లాభం. అదే చెదురుడు 150 ఉన్న కొత్తవాడికి 40 మిల్లీమీటర్ల నాసి తూటా ఇచ్చినా 155 పడుతుంది, బంగారం లాంటి తూటా ఇచ్చినా 150 పడుతుంది. డబ్బు పెట్టి తూటా మార్చినవాడికి తన స్కోరులో ఆ తేడా కనబడదు. 586 కొట్టే చేతికైతే కథ వేరు. అక్కడ చెయ్యే అంత తక్కువ చెదురుతుంది గనుక తూటా వాటా పెరుగుతుంది, తొమ్మిదికీ పదికీ నడుమ గీత దగ్గర అది తెలుస్తుంది. రైఫిల్‌వాళ్ళు బ్యాచ్ కోసం విమానమెక్కి పోవడానికీ కారణం ఇదే. వాళ్ళ చెయ్యి దాదాపు కదలదు, మిగిలింది తూటాయే.

తప్పు ఎవరిదో తేల్చే మార్గాలు రెండున్నాయి. పిస్టల్‌ను ఇనుప బిగింపులో కట్టి పేల్చితే చేతి పాలు పోతుంది, మిగిలింది తూటాదీ బారెల్‌దీ. ఇక్కడా ఒక మోసం ఉంది. మూడు దెబ్బలు కొట్టి, మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయని ఫొటో తీసి చూపిస్తారు. మూడు దెబ్బల గుంపు ఎప్పుడూ చిన్నగానే కనబడుతుంది. అదే తూటాతో పది కొడితే గుంపు వెడల్పు సగటున ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. తూటాలో ఏ మార్పూ లేదు, దెబ్బలు పెరిగాయి అంతే. మూడు దెబ్బల ఫొటోలను నేను లెక్కలోకి తీసుకోను.

రెండో మార్గానికి ఖర్చు లేదు. రివాల్వర్‌లో ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలు, అంటే మందూ ప్రైమరూ లేనివి, షూటర్‌కు తెలియకుండా పక్కవాడు కలిపి పెడతాడు. షూటర్ మామూలుగా గురిచూసి ట్రిగర్ లాగుతాడు. ఉత్తుత్తి తూటా వంతు వచ్చినప్పుడు చప్పుడు రాదు, టక్ మంటుంది. ఆ క్షణంలో పిస్టల్ మూతిని చూడండి. చప్పుడుకు ముందే భయపడ్డ చెయ్యి మూతిని కిందికి తోసేస్తుంది, కుడిచేతివాడైతే కిందికీ ఎడమకూ. మామూలుగా తుపాకి ఎగిరే ఎగురులో ఈ దోషం దాక్కుంటుంది. చప్పుడు లేనప్పుడు అందరి ముందూ బయటపడుతుంది. ఎన్నాళ్ళుగానో తూటాను తిట్టినవాళ్ళు దీనితో నోరు మూసుకుంటారు.

సీసం విషమన్న మాట కూడా చెప్పాలి. పేలినప్పుడు లేచే పొగలో, కరిగించే కుండ పక్కన చేరే బూడిదలో సీసం ఉంటుంది. గాలి ఆడని గదిలో రోజూ సాధన చేసేవాళ్ళ రక్తంలో అది చేరుతుంది. పిల్లల మెదడుకు మరీ చేటు. రేంజి నుంచి వచ్చి చెయ్యి కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. కరిగిన సీసంలో ఒక్క చెమటబొట్టు పడినా నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహాన చిమ్మవచ్చు.

మన ఊరి పిల్లలెవరైనా ఈ ఆటలోకి రావాలనుకుంటే దారి ఎయిర్ పిస్టల్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 0.177 అంగుళాల కొలత, 20 జౌళ్ళ శక్తి దాటని గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. పోటీల పిస్టళ్ళు ఈ హద్దు లోపలివే. బెంగళూరులో కర్ణాటక రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ ఉంది, పోటీల దారి అక్కడ తెలుస్తుంది. లైసెన్సు అక్కర్లేదు గదా అని బొమ్మ అనుకోవద్దు, కన్ను పోతుంది. దూరం 10 మీటర్లు, పది పాయింట్ల వృత్తం 11.5 మిల్లీమీటర్లు, గుండు అర గ్రాము సీసం. ఆ చిన్న గుళ్ళ డబ్బాల మీద తల కొలత రాసి ఉంటుంది, 4.49 అనీ 4.50 అనీ. ఏది కొనమంటారు అని అడుగుతారు. రెండింటిలోనూ ఒక్కో డబ్బా తెచ్చుకోండి. పిస్టల్‌ను కదలకుండా బిగించి, ఒక్కోదాంతో పదేసి దెబ్బలు వేరువేరు కాగితాల మీద కొట్టండి. కాగితం చెప్పిన డబ్బా కొనుక్కోండి. రెండింటికీ తేడా కనబడకపోతే, చవకది తీసుకుని మిగిలిన డబ్బుతో ఇంకా నాలుగు డబ్బాలు సాధనకు తెచ్చుకోండి.